ఆరోగ్యమే మహాభాగ్యం: గుండెకు బి విటమిన్ మాత్రలు

ఈసారి శీర్షికకు విషయం షోలాపూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం. పేరు, చిరునామా వేయవద్దని కోరారు కనుక వేయడం లేదు. ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"అన్నయ్యగారికి నమస్కారములు. మా వారికి 61 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం గుండెనొప్పి వచ్చి స్టెంటు వేశారు. షుగరు అంతకు ముందు నుంచే ఉంది. మేము శాకాహారులం. ఈమధ్య ఒక ల్యాబులో ప్యాకేజీ అని రక్తపరీక్షలన్నీ చేయించుకుంటే హోమోసిస్టీన్ అనేది 28 ఉన్నదనీ, 15 లోపు ఉండాలనీ రాసి వచ్చింది. అది గుండెకు చాలా ప్రమాదమని మా వారి స్నేహితుడొకాయన చెప్పి, బి విటమిన్లు కలిపిన మాత్రల సీసా తెప్పించి ఇచ్చారు. నెలకు 1,400 రూపాయలు. మూడు నెలలు వాడి మళ్ళీ పరీక్ష చేయిస్తే 13కు దిగింది. ఇక ఆయన సంతోషం చెప్పనలవి కాదు. అసలు మందు ఇదేననీ, మిగతావన్నీ కిడ్నీలు పాడుచేసేవేననీ కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. రక్తం పలచబరిచే మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. నేను చెబితే వినరు. మన పత్రికలో వస్తే చదువుతారు. ఈ విటమిన్లు గుండెకు నిజంగా మంచివేనా?"

మన పత్రిక మూడు నెలలకు ఒకసారి వస్తుంది. ఇలాంటి సంగతి మూడు నెలలు ఆగేది కాదు. అందుకని ఉత్తరం అందిన సాయంత్రమే ఆమె ఇచ్చిన నంబరుకు ఫోను చేసి, చెప్పవలసింది చెప్పాను. ఆ సంభాషణ సంగతి చివర రాస్తాను. అయితే ఇదే ప్రశ్న ఇక్కడ బరంపురంలో కూడా నన్ను చాలామంది అడుగుతున్నారు కనుక అందరికీ పనికివచ్చేటట్టు కొంచెం వివరంగా రాస్తున్నాను. సోదరి భర్త నాకు బావగారు కనుక, ఆయన చదువుతారన్న నమ్మకంతో చనువుగానే రాస్తాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. గుండెకూ బి విటమిన్‌కూ సంబంధం ఉన్నది. అది మన ముంగిట్లోనే తేలిన సంగతి. పాతతరం వారికి బెరిబెరి అనే మాట గుర్తుండవచ్చు. కాళ్ళు వాచేవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది, గుండె ఉబ్బిపోయి కొట్టుకోలేక మనిషి పోయేవాడు. మనదేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించినది మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తెలుగు కోస్తాలో. మా గంజాం 1936లో ఒరిస్సాలో కలిసింది, అంతకు ముందు అదీ ఆ జిల్లాల్లో ఒకటే. 1935 నుంచి 1945 దాకా కూనూరు పోషకాహార పరిశోధనశాలకు డైరెక్టరుగా ఉన్న ఏక్రాయిడ్ దొరగారు దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. ఆ పరిశోధనశాలే తరువాత హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

పక్కనే తమిళులూ, ఒడియావారూ అన్నమే తింటున్నారు. మరి జబ్బు తెలుగువారికే ఎందుకు? వాళ్ళు తినేది ఉప్పుడు బియ్యం. తమిళంలో పుళుంగల్ అరిసి అంటారు, ఇక్కడ ఒడియాలో ఉసునా అంటారు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆ తరువాత దంచుతారు. నానినప్పుడు, ఉడికినప్పుడు తవుడులో ఉన్న బి1 విటమిన్ గింజలోపలికి దిగుతుంది. ఆ తరువాత మిల్లు పైపొర ఎంత తీసినా కొంత మిగులుతుంది. మనవాళ్ళకు తెల్లని పచ్చిబియ్యం కావాలి. మిల్లులు వచ్చి దాన్ని మల్లెపూవులా పాలిషు చేశాయి. ఆపైన నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోశాం. బి1 తవుడుతో కొంత, కడుగునీళ్ళతో కొంత, గంజితో మిగిలిన కొంత పోయింది. (బరంపురంలో పుట్టి పెరిగినా ఉసునా అన్నం వాసన నాకు ఇప్పటికీ గిట్టదు. నిజం దాచడం దేనికి?)

ఆ బి1ను కృత్రిమంగా తయారుచేసిన విలియమ్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త నెల్లూరులో మిషనరీల ఇంట 1886లో పుట్టినవాడు. మనీలాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు తవుడు సారంతో చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డ తేరుకోవడం చూసి, దాని వెంటపడి, 1936 నాటికి సాధించాడు. తడి బెరిబెరితో గుండె ఉబ్బినవారికి బి1 సూది వేస్తే గంటల్లోనే ఆయాసం తగ్గడం మొదలవుతుంది. వైద్యంలో ఇంత తొందరగా పనిచేసే మందులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఈ రోజుల్లో బెరిబెరి అరుదు. అయినా విపరీతంగా తాగుతూ సరిగా తినని వారిలో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక ఫోలిక్ ఆమ్లం. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలకు వచ్చే తీవ్రమైన రక్తహీనత మీద లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928 నుంచి పనిచేసింది. ఆ మిల్లుల్లో మన తెలంగాణ నేతవారి కుటుంబాలూ చాలా ఉండేవి. ఖరీదైన మందులు కొనే స్థోమత లేనివారికి ఈస్టు సారం ఇస్తే రక్తం పడుతున్నదని ఆమె 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఉన్న పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో 1945లో ఆ పని పూర్తయింది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఫోలిక్ ఆమ్లంతో నయమయ్యే జబ్బుల్లో అదీ ఒకటి.

ఈ కథలన్నిటిలో ఒక సంగతి బావగారు గమనించాలి. ప్రతిచోటా మనిషికి ఆ విటమిన్ కరువైంది. కరువు తీర్చారు, జబ్బు పోయింది. విటమిన్ అసలు పని అదే. కరువు లేనివాడికి అదే విటమిన్ పదింతలు పోస్తే గుండెపోటు రాకుండా ఆపుతుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న హోమోసిస్టీన్‌తో మొదలైంది. మనం తినే మాంసకృత్తుల్లోని మెథియోనిన్ అనే పదార్థం శరీరంలో మార్పు చెందేటప్పుడు మధ్యలో తయారయ్యేదే హోమోసిస్టీన్. దాన్ని మళ్ళీ మామూలు పదార్థంగా మార్చడానికి ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 కావాలి. ఇవి తక్కువైతే అది రక్తంలో పేరుకుంటుంది. మూత్రపిండాలు బలహీనమైనా పేరుకుంటుంది. పుట్టుకతోనే దీన్ని మార్చుకోలేని పిల్లలు కొందరుంటారు. వారి రక్తంలో ఇది వందకు పైన ఉంటుంది. అమెరికాలోని బోస్టన్‌లో మెక్‌కల్లీ అనే వైద్యుడు అలా చనిపోయిన పిల్లల రక్తనాళాలు పరీక్షిస్తే, ముసలివారి నాళాల్లాగా గట్టిపడి ఉన్నాయి. పెద్దలకు వచ్చే గుండెజబ్బుకు కూడా ఇదే కారణం కావచ్చునని ఆయన 1969లో రాశాడు. అందరూ కొలెస్ట్రాల్ గురించి మాట్లాడుతున్న కాలంలో ఆ మాట ఎవరికీ రుచించలేదు. 1970ల చివర ఆయన హార్వర్డ్ వదలవలసి వచ్చింది.

1990లలో గాలి మారింది. హోమోసిస్టీన్ కొంచెం ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువని ఒకదాని వెనుక ఒకటి అధ్యయనాలు వచ్చాయి. చవకైన మూడు విటమిన్లతో ఆ అంకె దిగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి? 2000 ప్రాంతంలో నేను కూడా గుండెజబ్బు రోగులకు ఫోలిక్ ఆమ్లం, బి6, బి12 కలిపిన మాత్ర రాసేవాడిని. ఐదారేళ్ళు రాశాను. "దీనివల్ల నష్టమేమీ లేదు, లాభం ఉండవచ్చు" అని చెప్పేవాడిని. నాతోటి డాక్టర్లు చాలామంది అలాగే రాశారు.

తరువాత అసలు పరీక్షలు వచ్చాయి. వేలమంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు విటమిన్, ఇంకో జట్టుకు చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకూ తెలియకుండా ఏళ్ళ తరబడి చూడడం. నార్వేలో గుండెపోటు వచ్చి వారం తిరగని 3,749 మందిని తీసుకున్నారు. ఫోలిక్ ఆమ్లం, బి12 ఇచ్చినవారిలో హోమోసిస్టీన్ నూటికి 27 వంతులు తగ్గింది. గుండెపోట్లు తగ్గలేదు. మూడు విటమిన్లూ కలిపి ఇచ్చిన జట్టులో కొంచెం పెరిగిన సూచన కూడా కనిపించింది. అదే 2006లో కెనడా డాక్టర్ల ఆధ్వర్యంలో 5,522 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఐదేళ్ళు చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధమైన మరణం కలిపి లెక్కిస్తే విటమిన్ తీసుకున్నవారిలో నూటికి 18.8, తీసుకోనివారిలో 19.8. లెక్కల శాస్త్రం ప్రకారం అది తేడా కిందికి రాదు. 2017లో కాక్రేన్ సంస్థవారు ఇలాంటి 15 పరీక్షలు, 71,422 మంది వివరాలు ఒకచోట చేర్చి చూసినా గుండెపోట్లు తగ్గిన జాడ లేదు.

ఇదంతా చదివిన నాడు నేను మాత్ర రాయడం మానేశాను. అంతకు ముందు రాసినందుకు సిగ్గుపడను. తెలిసిన తరువాత కూడా రాస్తే సిగ్గుపడాలి.

అంకె తగ్గినా జబ్బు ఎందుకు తగ్గలేదు? పొయ్యి మండుతుంటే ఇల్లంతా పొగ కమ్ముతుంది. కిటికీ తెరిచి విసనకర్రతో పొగ తోలవచ్చు, కళ్ళమంట తగ్గుతుంది. పొయ్యి మాత్రం అలాగే మండుతుంటుంది. పెద్దవాళ్ళలో కొద్దిగా పెరిగిన హోమోసిస్టీన్ చాలావరకు పొగలాంటిదని ఈ పరీక్షల వల్ల అనుకోవలసి వస్తున్నది. వందకు పైన ఉండే ఆ పిల్లల సంగతి వేరు, వారికి వైద్యం చేసి దాన్ని తగ్గిస్తే నిజంగానే మేలు జరుగుతుంది. 28 ఉన్న బావగారికీ ఆ పిల్లలకూ పోలిక లేదు.

పక్షవాతం విషయంలో మాత్రం కొంచెం ఆలోచించవలసింది ఉన్నది. చైనాలో రక్తపోటు ఉన్న 20,702 మందికి రక్తపోటు మందుతో పాటు ఫోలిక్ ఆమ్లం కలిపి ఇచ్చి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి. నాలుగున్నర ఏళ్ళలో మొదటిసారి పక్షవాతం వచ్చినవారు రక్తపోటు మందు ఒక్కటే వాడినవారిలో నూటికి 3.4, ఫోలిక్ ఆమ్లం కూడా వాడినవారిలో 2.7. ఆ ప్రాంతంలో గోధుమపిండిలో ఫోలిక్ ఆమ్లం కలపరు, ఆహారంలో అది తక్కువ. ఇది కూడా కరువు తీర్చిన కథే కావచ్చు. గుండెపోట్లు ఇక్కడా తగ్గలేదు. ఇంకొక సంగతి, రక్తపోటు మందు రెండు జట్లవారూ వేసుకున్నారు. విటమిన్ ఇస్తూ రక్తపోటు మందు ఎవరూ మాన్పించలేదు.

బి3, అంటే నియాసిన్ కథ కూడా ఒక్క ముక్క. మంచి కొలెస్ట్రాల్‌ను పెంచుతుందని దాన్ని పెద్ద మోతాదులో చాలాకాలం వాడారు. 25,673 మందిపై చేసిన పరీక్ష 2014లో వెలువడింది. గుండెకు మేలు కనిపించలేదు సరికదా, షుగరు పెరగడం, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. విటమిన్ కదా, ఏం చేస్తుందిలే అనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంతవరకు చదివి "అయితే సీసా పారేయమంటారా?" అని బావగారు అడగవచ్చు. అక్కడే అసలు చిక్కు ఉన్నది.

పూనాలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారి బృందం 441 మంది మగవారి రక్తాన్ని పరీక్షించి 2006లో ప్రకటించింది. నూటికి 67 మందిలో బి12 తక్కువ. పట్నంలో ఉండే మధ్యతరగతి వారిలో నూటికి 81. అంటే తిండికి లోటు లేని ఇళ్ళలోనే ఎక్కువ. కారణం తెలిసినదే. బి12 మొక్కల్లో లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసాల్లోనే ఉన్నది. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. మన ఇళ్ళలో మజ్జిగను ఎంత పలచగా చేస్తామో వేరే చెప్పాలా? ఇడ్లీపిండి పులిస్తే బి12 వస్తుందని కొందరు నమ్ముతారు. దాన్ని నమ్ముకోవడానికి వీల్లేదు. పైగా షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాసుకని రోజూ పరగడుపున వేసుకునే మాత్రలు కూడా అంతే. మన పెద్దవాళ్ళలో శాకాహారం, మెట్‌ఫార్మిన్, గ్యాసు మాత్ర మూడూ కలిసినవారు ప్రతి వీధిలో కనిపిస్తారు.

బి12 లోపిస్తే రక్తహీనత వస్తుంది, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, మతిమరుపు వస్తుంది. ముదిరితే నరాలు పూర్తిగా కోలుకోవు. షుగరు ఉన్నవారు కాళ్ళ తిమ్మిరిని షుగరు ఖాతాలో వేసి ఊరుకుంటారు. బి12 లోపం చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఎక్కువగా వాడితే ఇంకో ప్రమాదం ఉన్నది. రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

అందుచేత బావగారి హోమోసిస్టీన్ 28 ఉండడానికి మొదట అనుమానించవలసినది బి12 కరువే. విటమిన్లు వేసుకోగానే 13కు దిగిందంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఆ అంకె దిగడం వల్ల నాళం శుభ్రపడిందని కాదు, ఒంట్లో విటమిన్ చేరిందని మాత్రమే అర్థం. ఆయనకు బి12 అవసరమే, కాని అది నరాల కోసం, రక్తం కోసం. సీసా మీద గుండె బొమ్మ ఉన్నంతమాత్రాన అది గుండె మందు కాదు.

స్టెంటు వేసినచోట రక్తం గడ్డకట్టకుండా కాపాడేది రక్తం పలచబరిచే మాత్ర. దాన్ని ఎన్నాళ్ళు వాడాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది గుండె డాక్టరు నిర్ణయించాలి. రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి ఎవరూ చెప్పినది కాదు. కొలెస్ట్రాల్ మాత్ర విషయంలో భయాలు చాలా ఉన్నాయి. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, నిజమే, అప్పుడు డాక్టరు మోతాదు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు. మామూలు మోతాదులో అది కిడ్నీలు పాడుచేస్తుందన్న మాటకు ఆధారం లేదు. ఒకసారి గుండెపోటు వచ్చినవారిలో రెండోది తగ్గిస్తుందని పెద్ద పరీక్షల్లో నిలబడిన మందు అది. మన విటమిన్ మాత్ర ఓడిపోయిన పరీక్షలాంటి పరీక్షలోనే అది గెలిచింది.

ఇంట్లో చేయదగినది కొంత ఉన్నది. తోటకూర, పాలకూర, మెంతికూర, శనగలు, పెసలు, కందిపప్పు, వీటిలో ఫోలిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. ఆకుకూర గంటసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే సగం పని చెడినట్టే. గంజి వార్చడం మానండి, లేదా వార్చిన గంజి తాగండి. శాకాహారులు రోజూ పాలు, గట్టి పెరుగు వదలకుండా తీసుకోవాలి. అరవై దాటినవారు, మెట్‌ఫార్మిన్ వాడేవారు ఒకసారి బి12 పరీక్ష చేయించుకోండి, మాత్రలు మొదలుపెట్టకముందే. మొదలుపెట్టిన తరువాత చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించి అసలు సంగతి దాగిపోతుంది. బి కాంప్లెక్సు వేసుకుంటే మూత్రం పచ్చగా వస్తున్నదని కంగారుపడేవారికి ఒక మాట: అది బి2 రంగు, ఒంటికి అక్కరలేనిది బయటికి పోతున్నది, అంతే.

ఇక ఫోను సంగతి. సోదరి మాట్లాడి ఫోను బావగారికి ఇచ్చారు. మొదట కొంచెం కటువుగానే మాట్లాడారు. "మీరంతా మందుల కంపెనీల వాళ్ళు" అన్నారు. సీసా ఎవరు తయారుచేశారని అడిగాను. చదివారు, అదీ ఒక కంపెనీయే. ఇద్దరం నవ్వుకున్నాం. అరికాళ్ళు తిమ్మిరిగా ఉంటాయా అని అడిగితే, ఏడాదిగా రాత్రిళ్ళు మంటలు, తిమ్మిరి ఉన్నాయనీ, షుగరు వల్ల అనుకుంటున్నాననీ చెప్పారు. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదట. లేబులు చదివించాను. బి12తో పాటు బి6 50 మిల్లీగ్రాములు ఉన్నది. రోజుకు మనిషికి కావలసినది రెండు మూడు మిల్లీగ్రాములు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే బి6 కూడా కాళ్ళు తిమ్మిరెక్కిస్తుంది. తిమ్మిరికి మందని వేసుకుంటున్నదే తిమ్మిరి తేకూడదు కదా. ఆయనకు కావలసిన బి12 ఒక్కటే విడిగా దొరుకుతుంది, నెలకు 1,400 రూపాయలు అక్కరలేదు.

రక్తం పలచబరిచే మాత్ర ఆ రాత్రి నుంచే డాక్టరు రాసిన ప్రకారం వేసుకోమన్నాను. కొలెస్ట్రాల్ మాత్ర మానేసిన సంగతి దాచకుండా గుండె డాక్టరుకు వారంలోగా చెప్పమన్నాను. నాలుగు రోజుల తరువాత సోదరి ఫోను చేశారు. రెండు మాత్రలూ మొదలుపెట్టారట, గురువారానికి డాక్టరు అపాయింట్‌మెంటు దొరికిందట. సీసాలో ఇంకా సగం మాత్రలు మిగిలాయి, ఏం చేయమంటారని అడిగారు. ప్రస్తుతం ఆపి, సీసా సంచిలో వేసుకుని వెళ్ళమన్నాను. రెండు హోమోసిస్టీన్ రిపోర్టులతో పాటు ఆ లేబులు కూడా డాక్టరు చూడాలి.